పదిహేడో వరస

బొంగరం అన్న పేరు అతనికి ఎవరు పెట్టారో ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. అన్నయ్య పెట్టాడని వదిన అంటుంది, వదినే పెట్టిందని అన్నయ్య అంటాడు. మనిషి నిలవకపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది. ముప్పై నాలుగేళ్ళు నిండినా అతను పట్టుమని పది నిమిషాలు ఒకచోట కూర్చోలేడు. ఫోను వస్తే నడుస్తూ మాట్లాడతాడు. కాఫీ నిలబడి తాగుతాడు, అదీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుంటాడు. లిఫ్టు కోసం మీట నొక్కి, అది దిగివచ్చేలోపు మెట్లెక్కి పైకి వెళ్ళిపోతాడు.

“పాపం ఆ లిఫ్టు, నువ్వున్నావనుకుని వచ్చి తలుపు తెరుస్తుంది. దానికైనా ఒక మాట చెప్పి పో అబ్బాయ్,” అంటుంది వదిన.

ఆమెకు ఆ దృశ్యం తెలియడానికి కారణం, ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పనిచేయడం. ఆమె మూడో అంతస్తు చివరి వార్డులో హెడ్ నర్సు, పందొమ్మిదేళ్ళ సర్వీసు. అతను కింది అంతస్తులో, కిటికీలు తెరవకూడని కంప్యూటర్ గదిలో ప్రోగ్రామర్. అతనికి పన్నెండేళ్ళప్పుడు ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. లెక్కలు చెప్పింది, జ్వరాలకు కాపలా కాసింది, జవాబుపత్రం సగం రాసి పరీక్ష నుంచి లేచి వచ్చినందుకు చెవి మెలిపెట్టింది. తల్లి లేని ఇంట్లో అతను భయపడింది ఆమె ఒక్కదానికే.

వేగం ఒక గుణమా, లేక ఓర్పులేమికి మనం తొడిగిన మర్యాదైన చొక్కాయా అన్నది తేల్చడం కష్టం. బొంగరంలో రెండూ కలిసిపోయి ఉండేవి; ఒకదాన్ని పొగడబోతే రెండోది ముందుకొచ్చి దండం పెట్టేది. అతను మంచి పనివాడు. చాలా మంచివాడు అనడానికి ఈ కథ అడ్డం వస్తుంది.

ఆ ఆసుపత్రిలో స్కాన్ బొమ్మలూ, వార్డుల మందుల పట్టికలూ అన్నీ కింది గదిలోని పెద్ద యంత్రంలో ఉంటాయి. ఏ అంతస్తులో ఎవరు అడిగినా వాటిని పంపే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని రాసింది అదే గదిలో గోడవారగా కూర్చునే పెద్దాయన. ఆయన రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆయన పద్ధతి పాతది: మధ్యలో ఎవరూ మార్చకుండా ఫైలుకు తాళం వేయాలి, దాన్ని మొత్తంగా ప్రోగ్రాము తన సొంత మెమొరీలోకి చదువుకోవాలి, తాళం తీయాలి, అప్పుడు సాకెట్‌లోకి, అంటే అవతలి యంత్రం వైపు తెరిచిన గుమ్మంలోకి, రాయాలి.

బొంగరానికి ఇది చూస్తే ఒళ్ళు మండేది. డిస్కునూ వైర్లనూ తాకే హక్కు కెర్నెల్‌ది, అంటే యంత్రాన్ని లోపలి నుంచి నడిపే యజమానిది. ప్రోగ్రాము ఫైలు చదువుతానంటే కెర్నెల్ ఒక నకలు తీసి ఇస్తుంది. ప్రోగ్రాము దాన్ని విప్పి చూడనైనా చూడదు, పంపమని తిరిగి కెర్నెల్‌కే ఇస్తుంది. అక్కడ మరో నకలు. పెద్ద స్కాన్ బొమ్మ అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం వేలసార్లు జరుగుతుంది.

“వీధిలో తిన్నగా పోయే మూటని ఇంట్లోకి మోసుకొచ్చి, మళ్ళీ అదే గుమ్మంలోంచి బయట పెట్టడం ఎందుకు సార్? పోనీ లోపల విప్పి చూస్తారా అంటే, చూడరు,” అన్నాడు ఒకరోజు, గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ.

“చూడను బాబూ. పట్టుకుంటాను.”

“పట్టుకుని?”

“అంతే. పట్టుకుంటాను.”

బొంగరం ఆ జవాబును ఆయన వయసుకు వదిలేశాడు. వారం రోజుల్లో ప్రోగ్రామును తిరగరాశాడు. సెండ్‌ఫైల్ అని ఒక సిస్టమ్ కాల్ ఉంది. ‘ఈ ఫైలును ఆ సాకెట్‌కు పంపు’ అని కెర్నెల్‌కు ఒక్క మాట చెబితే చాలు, ప్రోగ్రాము చేతికి ఏదీ రాదు. కెర్నెల్ తన దగ్గర ఉన్న అసలు పుటనే నెట్‌వర్క్ కార్డుకు చూపించి, ఇక్కడి నుంచి తీసుకుపో అంటుంది. తర్వాత తిరిగి వచ్చి, ఎన్ని బైట్లు, అంటే ఎన్ని అక్షరాలు, పంపిందో అంకె చెబుతుంది. ఆ అంకె ఫైలు పొడవుకు సరిపోతే ‘అయింది’ అన్నమాట. అయింది కనుక బొంగరం తాళం తీసేస్తాడు.

నిమిషం పట్టే స్కాన్ బొమ్మ రెప్పపాటులో తెరుచుకోసాగింది. డాక్టర్లు ఆశ్చర్యపోయారు. సూపరింటెండెంటు స్వయంగా కిందికి దిగివచ్చి భుజం తట్టాడు. మందుల పట్టికలకు నిజానికి ఆ వేగం అక్కర్లేదు; వార్డు మొత్తం పట్టిక ముప్పై వరసలు, వరసకు రెండువందల యాభై ఆరు అక్షరాలు. అయినా అన్నీ ఒకే దారిన పోనీ అనుకున్నాడు బొంగరం. రెండు దారులుంటే రెండింటినీ కనిపెట్టుకుని ఉండాలి, అంత ఓపిక అతనికి లేదు.

అది జరిగిన మూడు వారాలకు, ఒక గురువారం పొద్దున, వదిన వార్డులో బస్సు కండక్టరుగా రిటైరైన ఒక పెద్దమనిషికి పదింటి సూదిమందు పడలేదు. ఆ వేళకు ఆయన దుప్పటి ముసుగేసి నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాళ్ళను ఊరికే లేపడం వదినకు ఇష్టముండదు, పట్టికలో పేరు లేదు కనుక లేపలేదు. సాయంత్రం నాలుగింటికి జ్వరం పేలిపోయింది. ఇంటెన్సివ్ కేర్‌కు తరలించారు. గండం గడిచింది. కాని ఫైలు తెరిచి చూస్తే ఆయన పేరూ, మందూ, వేళా చక్కగా ఉన్నాయి. నర్సు చూసుకోలేదని మేట్రన్ రాసింది. సోమవారం పదకొండింటికి విచారణ. నిర్లక్ష్యం రుజువైతే వదినను వార్డు నుంచి తీసి దుప్పట్ల స్టోరులో కూర్చోబెడతారు.

ఆమెకు ఒక అలవాటుంది. తెర మీద పట్టిక రాగానే, గట్టి అట్ట నోటుపుస్తకంలో వరస అంకె వేసి పేర్లూ మందులూ పొట్టిగా రాసుకుంటుంది. ఇది వృథా శ్రమ, మానండి అని రెండేళ్ళ కిందట సర్క్యులర్ వచ్చింది. అందరూ మానేశారు, ఆమె మానలేదు. బొంగరం దాని మీద ఎన్ని జోకులు వేశాడో లెక్కలేదు.

“తెర వాళ్ళది. పుస్తకం నాది,” అనేది ఆమె.

గురువారం సాయంత్రం వంటింటి బల్ల మీద ఆ పుస్తకం తెరిచి పెట్టింది. కండక్టరు పేరు అందులోనూ లేదు.

“చూశావా? తెర మీద ఉంటే నేను రాయనా?”

“ఎక్కించేటప్పుడు కన్ను ఒక వరస దాటేసి ఉంటుంది వదినా. ఎవరికైనా జరుగుతుంది,” అన్నాడు బొంగరం, ఫ్రిజ్ దగ్గర నిలబడి, కిటికీ దగ్గరికి నడిచి, మళ్ళీ ఫ్రిజ్ దగ్గరికి వచ్చి.

“ఓహో. నీ యంత్రం తప్పదు, నా కన్ను తప్పుతుంది.”

“అలా కాదు. ఫైల్లో ఉందిగా మరి.”

“పందొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. ఒక్క వరస దాటితే ఆ రోజే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకునేదాన్ని.”

“అబ్బా, ఇప్పుడు చేతులూ కాళ్ళూ ఎందుకు?” అన్నాడు అన్నయ్య, డిపో నుంచి వచ్చి గ్రీజు చేతులు కడుక్కుంటూ. “వాడు వెతుకుతాడులే. ఏరా, వెతుకుతావా?”

“వెతకడానికి ఏముందన్నయ్యా…”

వదిన పుస్తకం మూసింది. “ఏమీ లేదులే. నీకు ఏమీ ఉండదు,” అని, కూర గిన్నె అతని ముందు కాస్త గట్టిగా పెట్టింది. ఆమె అరిచి ఉంటే అతను తట్టుకునేవాడు.

శుక్రవారం పొద్దున ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు. తన మీద అనుమానంతో కాదు. ఆమె ఎక్కడ తడబడిందో చూపిస్తే, అలసట వల్ల జరిగిందని చెప్పి శిక్ష తగ్గించమని బతిమాలుకోవచ్చని. మనం ప్రేమించేవాళ్ళను క్షమించడానికి తొందరపడే వేళల్లో, వాళ్ళు తప్పు చేశారా లేదా అన్న ప్రశ్నను దాటేస్తాం. ఆ దాటేయడం దయలా కనిపిస్తుంది.

పట్టిక మారిన ప్రతిసారీ పాతదాని ప్రతి ఒకటి యంత్రంలో వేళతో సహా మిగిలి ఉంటుంది. తొమ్మిది యాభై ఎనిమిదికి ఒక మార్పు జరిగింది: ఐదో వరసలో ఉన్న దర్జీ డిశ్చార్జి అయ్యాడు. అతని వరస తీసేస్తే కిందివాళ్ళంతా ఒక మెట్టు పైకి జరిగారు. ముందు ముప్పై మంది, తర్వాత ఇరవై తొమ్మిది. కండక్టరు ముందు పదిహేడు, తర్వాత పదహారు. రెండింటిలోనూ ఉన్నాడు.

బొంగరం వదిన పుస్తకాన్ని ముందు పట్టికతో పోల్చాడు. దర్జీ ఉన్నాడు, కండక్టరు లేడు. తర్వాతి పట్టికతో పోల్చాడు. అందులో దర్జీ ఉండకూడదు, కాని వదిన పుస్తకంలో ఉన్నాడు. దర్జీకి పదింటి మందు లేదు కనుక ఆ వరస ఆమెను ఆపలేదు. మొత్తం పేర్లు ఇరవై తొమ్మిది, వార్డు బోర్డు మీద అంకె కూడా ఇరవై తొమ్మిది. అందుకే ఆమెకు అనుమానం రాలేదు. చివర ముప్పై అని అంకె వేసి, ఎదురుగా చిన్న గీత పెట్టింది. తెర మీద అంకె ఉంది, పేరు లేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంది.

అతను లేచాడు. తిరిగాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. పదహారో వరస దాకా అక్షరం పొల్లుపోకుండా పాత పట్టిక. పదిహేడు నుంచి చివరిదాకా కొత్త పట్టిక. పాతదాంట్లో పదిహేడుగా ఉన్నవాడు కొత్తదాంట్లో పదహారుకు జరిగాడు. అతుకు సరిగ్గా అక్కడ పడటంతో రెండు చోట్లా జారిపోయాడు.

పదహారు వరసలు. వరసకు రెండువందల యాభై ఆరు. గుణించనక్కర్లేదు, ఆ జవాబు అతనికి తన పుట్టినరోజులా తెలుసు. నాలుగువేల తొంభై ఆరు. కెర్నెల్ జ్ఞాపకాన్ని పుటలుగా కోసుకుంటుంది. ఒక పుటకు సరిగ్గా అన్ని బైట్లు.

అలసిపోయిన మనిషి కన్ను ఎక్కడైనా దాటుతుంది, పుట అంచు చూసుకుని దాటదు.

“సార్,” అన్నాడు. “సెండ్‌ఫైల్ ‘అయింది’ అన్నాక కూడా అవకపోవచ్చా?”

పెద్దాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. “అది అయింది అనదు బాబూ. తీసుకున్నాను అంటుంది. చేరింది అని ఎప్పుడూ అనలేదు. మాన్యువల్ చివర ఒక హెచ్చరిక ఉంటుంది, చదివావా?”

చదవలేదు. పైభాగం చదివి, నమూనా చూసి, పని జరుగుతోందని లేచిపోయాడు. ఇప్పుడు చదివాడు. పంపిన భాగం అవతలివాళ్ళకు పూర్తిగా అందేదాకా ఫైలును మార్చకుండా చూసుకోవలసిన బాధ్యత సెండ్‌ఫైల్‌ను పిలిచినవాడిదే అని ఉంది. నకలు తీయలేదు కనుక దారిలో ఉన్నది అసలే. మూడో అంతస్తు చివర వైర్‌లెస్ బలహీనం. మొదటి పుట చేరింది, రెండోది దారిలో పోయింది. కెర్నెల్ దాన్ని మళ్ళీ పంపింది, పాత పుట ఉన్న చోటు నుంచే. ఆలోపే బొంగరం తాళం తీసేశాడు, డిశ్చార్జి ప్రోగ్రాము అదే చోట కొత్త పట్టిక రాసేసింది.

ప్రపంచంలో ఏ క్షణంలోనూ లేని ఒక పట్టిక ఆమె తెర మీద నిలిచింది. ఆ పట్టికకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం, వృథా అని సర్క్యులర్ ఇచ్చిన ఆ నోటుపుస్తకం.

స్కాన్ బొమ్మల్లో ఈ బాధ లేదు, ఒకసారి తీసిన బొమ్మను ఎవరూ మార్చరు. పట్టికలు మాత్రం గంటకు పదిసార్లు మారతాయి. తేడా అంత చిన్నది. ఒక్క పూట కుదురుగా ఆలోచిస్తే తట్టేది.

శనివారం అంతా దాన్ని మళ్ళీ జరిపించడానికి కూర్చున్నాడు, కూర్చున్నాడనడం మాటవరసకే. ఒక పాత కంప్యూటర్‌ను బలహీనమైన వైర్‌లెస్‌కు తగిలించి, పట్టికను పంపుతూ, మారుస్తూ, మళ్ళీ పంపుతూ గడిపాడు. వంద సార్లు ఏమీ కాలేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. నూట తొంభై సార్లు, ఏమీ కాలేదు. రెండువందల పన్నెండో సారి తెర మీద పదిహేడో వరస మాయమైంది. అతనికి సంతోషం కలిగింది, మరుక్షణమే ఆ సంతోషానికి సిగ్గు వేసింది.

పెద్దాయన వచ్చి తెర వైపు చాలాసేపు చూశాడు. “విచారణలో వైర్‌లెస్ బాగాలేదని చెప్పు. మీ వదిన బయటపడుతుంది. నువ్వూ పడతావు. అది అబద్ధం కాదు.”

“నిజం కూడా కాదు కదా సార్.”

“నేను అనవలసింది నేనన్నాను బాబూ,” అని ఆయన టిఫిను డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో తృప్తి లేదు. తన పాత పద్ధతి గెలిచినందుకు సంతోషించే వయసు ఆయనకు దాటిపోయింది, లేదా ఆయన మర్యాదస్తుడు.

ఆదివారం ఇంట్లో అతను వదినకు ఏమీ చెప్పలేదు. చెబితే ఆమె వద్దంటుందేమోనని కాదు. సరే అంటుందేమోనని కూడా కాదు. విచారణలో చెప్పవలసిన మాటను ముందే ఇంట్లో చెప్పేస్తే, అక్కడ చెప్పడానికి ధైర్యం చాలదేమోనని. మేడ మెట్లు ఎక్కాడు, దిగాడు. “మెట్లు అరిగితే కట్టించేది నేను,” అన్నాడు అన్నయ్య. వదిన తలెత్తి చూడలేదు.

సోమవారం విచారణ గదిలో సూపరింటెండెంటు, మేట్రన్, వదిన. బొంగరం పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“క్లుప్తంగా కానిద్దాం,” అన్నాడు సూపరింటెండెంటు. “మందు పడలేదు, నిజం. పేరు ఫైల్లో ఉంది, అదీ నిజం. ఇంకేముంది?”

“ఫైల్లో ఉంది సార్. తెర మీద లేదు. దారిలో రాలిపోయింది,” అన్నాడు బొంగరం.

“నెట్‌వర్క్ లోపమా?”

తలుపు తెరిచే ఉంది. అవునని తల ఊపి అందులోంచి బయటికి పోవచ్చు.

“నెట్‌వర్క్ బలహీనమే సార్. కాని బలహీనమైన నెట్‌వర్క్ ఆలస్యంగా పంపుతుంది, అబద్ధం పంపదు. అబద్ధం నా ప్రోగ్రాముది. మీరు భుజం తట్టిన ప్రోగ్రాముదే.”

మేట్రన్ కాగితాల మీంచి చూపు ఎత్తింది. “ఈవిడ మీకు వదిన కదూ?”

“అవునండీ.”

“మరి అందుకని…”

“అందుకనే గురువారం ఆవిడ మాట నేను నమ్మలేదండీ. బయటి మనిషై ఉంటే కనీసం మర్యాదకైనా వెళ్ళి చూసేవాణ్ణి.”

నోటుపుస్తకాన్నీ, రెండు పట్టికల ప్రతులనూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి; పుటలన్నాడు, తాళమన్నాడు, వాళ్ళ మొహాలు చూసి ఆపేశాడు. చివరికి వదినే లేచి, పదహారో వరస కింద గోటితో ఒక గీత గీసింది. “ఇక్కడిదాకా ఇది. ఇక్కణ్ణుంచి అది. చూడండి సార్.” సూపరింటెండెంటు వేలితో దిగుతూ రెండుసార్లు చూశాడు. మేట్రన్ ఒక్కసారే చూసింది, చూసి తను రాసిన కాగితాన్ని తిరగేసి పెట్టింది.

వదిన మీద అభియోగం కొట్టేశారు. పట్టికలకు ఆ పూటే పాత పద్ధతి తిరిగి పెట్టమన్నారు. విచారణ ముగియలేదు, మనిషి మారాడు: వచ్చే సోమవారం బొంగరం హాజరు కావాలి.

వరండాలో వదిన అతని పక్కన నడిచింది. మెచ్చుకుంటుందని అతను అనుకోలేదు, ఆమె మెచ్చుకోలేదు కూడా.

“మిగతా వార్డుల వాళ్ళు పుస్తకం రాయరు,” అంది.

“తెలుసు.”

“ఎన్ని రోజులు నడిచింది నీ కొత్త ప్రోగ్రాము?”

“ఇరవై ఐదు.”

“అయితే?”

అతను జేబులోంచి మడత కాగితం తీశాడు. పుట మళ్ళీ పంపిన వేళలూ, పట్టిక మారిన వేళలూ ఒకటైన చోట్లు ముందే వెతికి పెట్టుకున్నాడు. రెండు వార్డుల్లో పదకొండు. ఆ వేళల్లో పదిహేడో వరసలో ఎవరున్నారో ఫైళ్ళు చెప్పాయి. పదకొండు పేర్లు. “అందరికీ తప్పిపోయిందని కాదు వదినా. తప్పి ఉండొచ్చు. తెర మీద ఏం కనబడిందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.”

“సార్‌కి ఇచ్చావా?”

“ఇందాక అందరూ లేచాక ఆగి ఒక ప్రతి ఇచ్చాను. ఫైళ్ళు తెప్పించి చూస్తామన్నారు. వారం పడుతుందట.”

“వారం ఆగుతావా నువ్వు?”

“ఆగను.”

“ఆగకు,” అంది ఆమె. ఆ మాట ఆమె నోట వినడం అతనికి అదే మొదటిసారి. “పద. కాని నువ్వు మాట్లాడు. నేను వెనకాల నిలబడతాను.”

పదకొండు మందిలో ఏడుగురు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళ ఫోను నంబర్లు కాగితం వెనక ఉన్నాయి. మొదటి పేరు రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉంది. కుట్టుపని నేర్పే టీచరమ్మ, అరవై దాటినావిడ, దిండు మీద కాగితం పెట్టుకుని ఏవో కొలతలు వేసుకుంటోంది.

“అమ్మా, నేను కింద కంప్యూటర్ గదిలో పనిచేస్తాను. ఒక సంగతి అడగాలి. పన్నెండో తారీకు పొద్దున పదింటికి మీకు సూది వేశారా?”

“ఇక్కడ తారీకులు ఎవరికి గుర్తుంటాయి నాయనా? రోజూ పొడుస్తూనే ఉంటారు.” ఆమె నవ్వింది. అతను నవ్వకపోవడం చూసి ఆగింది. “ఏం, వెయ్యలేదా?”

“తెలీదమ్మా. వేశారో లేదో చెప్పే కాగితం మా దగ్గర లేదు. ఆ రోజు పట్టికలో మీ పేరు పడకుండా పోయి ఉండొచ్చు. అది నా వల్లే.”

టీచరమ్మ అతన్నీ, వెనక నిలబడిన వదిననూ మార్చి మార్చి చూసింది. పెన్సిలు కింద పెట్టి, ఎడమ చేతి గౌను మోచేతి పైకి మడిచి, వెలుతురు పడేలా కిటికీ వైపు చాపింది. చర్మం మీద నీలం చుక్కలు కొన్ని మానాయి, కొన్ని మానలేదు.

“పన్నెండంటే ఏ వారం?” అని అడిగి, ఆమె ఒక్కో చుక్క మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.